క్రియాటినిన్ చీటీ మీద ఇంకో అంకె వేయించండి, మంత్రిగారూ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీజబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఓ చిన్న ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంటాను. కవిటి, సోంపేట, కంచిలి వైపు జనం క్రియాటినిన్ (కిడ్నీలు వడపోసి బయటకు పంపాల్సిన వ్యర్థం, రక్తంలో ఎంతుందో చూస్తాం) గురించి బియ్యం ధర మాట్లాడుకున్నంత మామూలుగా మాట్లాడుకుంటారు. ‘ఎంతొచ్చింది బాబూ?’ అంటారు. 1.2 అంటే హమ్మయ్య అనుకుని వెళ్లిపోతారు. నా భయమంతా ఆ 1.2 గురించే.

పాతికేళ్ల కుర్రాడికి 1.2 వస్తే కిడ్నీల వడపోత లెక్క 86 దాకా ఉంటుంది, ఇబ్బంది లేదు. అరవై ఏళ్ల ఆడమనిషికి అదే 1.2 వస్తే లెక్క 52కి దిగిపోతుంది. 60 కంటే తక్కువగా మూడు నెలలు కొనసాగితే జబ్బు ఉన్నట్టే. మా చీటీ మీద మాత్రం ఇద్దరికీ ‘నార్మల్’ అనే పడుతుంది! ఈజీఎఫ్ఆర్ అనే ఈ లెక్కకు వేరే రక్తం అక్కర్లేదు. వయసు, ఆడా మగా అన్నది చెబితే కంప్యూటరే వేసేస్తుంది. ప్రతి రిపోర్టు మీదా దీన్ని తప్పనిసరి చేయండి.

మూత్రంలో పట్టీ ముంచి ప్రొటీన్ పోతోందేమో చూస్తే చాలదా అని మీ అధికారులు అనవచ్చు. షుగర్ వల్ల కిడ్నీ పాడైతే ప్రొటీన్ ముందే పోతుంది. ఉద్దానం జబ్బులో చాలామందికి చాలాకాలం పెద్దగా పోదు. కాళ్ల వాపూ కనపడదు.

ఇక నాటువైద్యం. నాడి పట్టి, మూత్రం రంగు చూసి చెప్పేవాళ్ల దగ్గరకు మావాళ్లు ఇప్పటికీ వెళ్తారు. వాళ్లను తిట్టబోను. పొద్దుటి మూత్రంలో నువ్వులనూనె చుక్క వేసి, అది పరుచుకునే తీరు చూసే తైలబిందు పరీక్ష రక్తపరీక్షలు లేని కాలంలో పుట్టింది. కానీ రక్తంలో పేరుకున్న క్రియాటినిన్ ఎంతో నూనెచుక్క చెప్పలేదు. నడుంనొప్పి అనగానే నొప్పిబిళ్లలు చేతిలో పెట్టే ఆర్‌ఎంపీలు ఏం తక్కువ తిన్నారు? కిడ్నీకి ఆ బిళ్లలూ చేటే. అందుకే ఆయుష్ డిస్పెన్సరీలోనైనా సరే, మందు మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ చూడాలని ఉత్తర్వు ఇవ్వండి. కిడ్నీకి మంచిదని గలిజేరు కషాయం తాగేవాళ్లకూ మూడు నెలలకోసారి మళ్లీ చూడాలి.

పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కట్టారు, సంతోషం. అక్కడికి ఆఖరు దశలో కాకుండా ముందే చేరాలంటే ఊళ్లోనే పట్టుకోవాలి. జీడితోటల పనికెళ్లేవాళ్లు పగలు దొరకరు కాబట్టి శిబిరాలు తెల్లారి ఆరింటికే పెట్టించండి. ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువ వచ్చినవాళ్ల పేర్లు ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం దగ్గర ఉంచి, మూడు నెలలకు మళ్లీ పిలిపించే బాధ్యత ఆమెకే అప్పగించండి.

ఇట్లు,
ఉద్దానం ల్యాబ్ టెక్నీషియన్