స్వయంపాలిత ద్వీపాలకు వాతావరణ చర్చల్లో సొంత గొంతు కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా వాతావరణ సదస్సు జరిగే రోజుల్లో మన పత్రికల్లో మాల్దీవులు, తువాలు, మార్షల్ దీవుల గురించి నాలుగు మాటలైనా కనిపిస్తాయి. అవి సార్వభౌమ దేశాలు కాబట్టి వాటి నాయకులు వేదికెక్కి మాట్లాడతారు, ప్రపంచం కాసేపైనా వింటుంది. అయితే సొంత శాసనసభ, సొంత ప్రభుత్వం ఉండి కూడా రక్షణ, విదేశాంగ వ్యవహారాలు పూర్తిగానో కొంతమేరకో మరో దేశం చేతిలో ఉన్న ద్వీపాలు ప్రపంచంలో ఇంకా చాలా ఉన్నాయి. సముద్రమట్టం పెరిగితే మునిగేదీ, తుపాను వస్తే కూలేదీ అక్కడి ఇళ్లే అయినా, అంతర్జాతీయ చర్చల్లో వాటి తరఫున మాట్లాడేది చాలా సందర్భాల్లో వేల కిలోమీటర్ల అవతల ఉన్న రాజధాని. ఈ పద్ధతి మారాలనీ, మార్చడానికి దారి ఇప్పటికే ఉందనీ చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఆ దారి వేసినవి పసిఫిక్‌లోని కుక్ దీవులు, నియూ. న్యూజిలాండ్‌తో అనుబంధాన్ని కొనసాగిస్తూనే కుక్ దీవులు 1965లో, నియూ 1974లో స్వయంపాలన చేపట్టాయి. అక్కడి ప్రజలు నేటికీ న్యూజిలాండ్ పౌరులే. ఈ రెండూ ఐక్యరాజ్య సమితిలో సభ్యదేశాలు కావు. అయినా వాతావరణ ఒప్పందాల్లో పూర్తి హక్కులున్న భాగస్వాములు. ఇదెలా సాధ్యమైందో తెలుసుకోవడం అవసరం. 1992 నాటి వాతావరణ ఒడంబడిక మీద సంతకం చేసే అవకాశాన్ని సమితి సభ్యదేశాలతో పాటు సమితి అనుబంధ సంస్థల్లో సభ్యత్వం ఉన్న దేశాలకు కూడా ఇచ్చారు. కుక్ దీవులు అప్పటికే, 1984లోనే, ప్రపంచ ఆరోగ్య సంస్థలో చేరి ఉన్నాయి. ఆరోగ్యం కోసం తీసుకున్న సభ్యత్వం వాతావరణ చర్చలకు తలుపు తెరిచింది. అంతకుముందే 1988లో న్యూజిలాండ్, ఇకపై తాను కుదుర్చుకునే ఒప్పందాలు ఈ రెండు ద్వీప ప్రభుత్వాలకు వర్తించబోవని సమితికి తెలియజేసింది. వాటికి సొంతంగా ఒప్పందాలు చేసుకునే సామర్థ్యం పూర్తిగా ఉందని సమితి సచివాలయం 1992లో కుక్ దీవుల విషయంలో, 1994లో నియూ విషయంలో గుర్తించింది. న్యూజిలాండ్ ఇక్కడ చూపిన పెద్దమనసు మెచ్చుకోదగ్గది. అది అడ్డుపడి ఉంటే ఈ కథ ఇక్కడితో ముగిసేది.

ఇలా దక్కిన హోదాను ఆ ద్వీపాలు అలంకారంగా పెట్టుకోలేదు. సుమారు పదహారు వందల జనాభా ఉన్న నియూ, వాతావరణ మార్పు, అంతర్జాతీయ చట్టాలపై చిన్న ద్వీప దేశాలు ఏర్పాటు చేసుకున్న కమిషన్‌లో చేరింది. గ్రీన్‌హౌస్ వాయువులు సముద్ర కాలుష్యం కిందికే వస్తాయనీ, వాటిని అరికట్టే బాధ్యత దేశాల మీద ఉందనీ 2024 మే 21న అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానం సలహా అభిప్రాయం ఇచ్చింది ఆ కమిషన్ అడిగిన ప్రశ్నల మీదే. అదే ఏడాది డిసెంబరులో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం వాతావరణ బాధ్యతలపై వాదనలు విన్నప్పుడు కుక్ దీవులు తమ వాదనను తామే వినిపించాయి. 2025 జులై 23న ఆ న్యాయస్థానం ఇచ్చిన అభిప్రాయం వెనక ఇలాంటి చిన్న గొంతులు చాలా ఉన్నాయి.

నియూకు ఈ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో 2004 జనవరి చెబుతుంది. నియూ లోతట్టు పగడపు దిబ్బ కాదు. సముద్రంలోంచి నిటారుగా లేచిన సున్నపురాతి ద్వీపం, ఊళ్లకు కొండచరియలే రక్ష. హెటా తుపాను వచ్చినప్పుడు అలలు ఆ చరియలను కూడా దాటి పైకి వచ్చాయి. ఆసుపత్రి ధ్వంసమైంది, మ్యూజియంలో తరతరాలుగా దాచుకున్న వస్తువుల్లో చాలా భాగం పోయింది. ఎత్తు మీద ఉన్నాం కదా అన్న ధైర్యం ఒక్క రోజులో చెదిరిపోయింది. ఈ అనుభవాన్ని నియూ ప్రతినిధి చెప్పడం వేరు, అతని తరఫున వేరొక దేశపు అధికారి పది అంశాల్లో ఒకటిగా చదవడం వేరు.

ఇప్పుడు అట్లాంటిక్ వైపు చూద్దాం. 2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను కరీబియన్‌లో బార్బుడానూ, దానికి ఎంతో దూరం లేని ఆంగ్విల్లానూ ఒకే రోజు దెబ్బతీసింది. బార్బుడా ఒక సార్వభౌమ దేశంలో భాగం కాబట్టి ఆ దేశ ప్రధాని అదే నెలలో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభలో నిలబడి తన ప్రజల నష్టాన్ని చెప్పుకోగలిగారు. ఆంగ్విల్లా బ్రిటన్ ఏలుబడిలోని ప్రాంతం, దానికి అక్కడ కుర్చీ లేదు. పైగా తలసరి ఆదాయం ఎక్కువన్న కారణంతో, అక్కడ చేసిన ఖర్చును అధికారిక అభివృద్ధి సాయంగా చూపడానికి అంతర్జాతీయ నిబంధనలు ఒప్పుకోవని అప్పట్లో బ్రిటన్ ప్రభుత్వమే వాపోయింది. పై కప్పు లేచిపోయిన ఇంట్లో నిలబడిన మనిషికి ఆ తలసరి ఆదాయం ఏం ఆసరా ఇస్తుంది? వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి సాయం చేసే హరిత వాతావరణ నిధి (గ్రీన్ క్లైమేట్ ఫండ్) నుంచి డబ్బు అడిగే హక్కు కూడా ఒడంబడికలో భాగస్వాములైన వర్ధమాన దేశాలకే ఉంది కాబట్టి ఆ తలుపు కూడా ఇలాంటి ద్వీపాలకు మూసే ఉంటుంది. ఒకే గాలి, ఒకే నీరు, ఒకే రోజు, కానీ రెండు ద్వీపాల హక్కులు వేరు. ఆ తేడాకు మూలం తుపాను కాదు, ఎప్పుడో రాసుకున్న రాజ్యాంగ పత్రాలు.

సొంత గొంతుతో పాటు సొంత బాధ్యత కూడా రావాలి. ఈ విషయంలో డెన్మార్క్ కింద స్వయంపాలన ఉన్న గ్రీన్‌లాండ్ ఉదాహరణను దాచిపెట్టడం న్యాయం కాదు. 2016లో డెన్మార్క్ ప్యారిస్ ఒప్పందాన్ని ఆమోదించినప్పుడు అది గ్రీన్‌లాండ్‌కు వర్తించదని మినహాయింపు పెట్టుకుంది. ఖనిజాలు, పరిశ్రమలతో ఆర్థికంగా నిలదొక్కుకోవాలన్న ఆలోచన అప్పటి గ్రీన్‌లాండ్ నాయకులది. అంటే తన నేల మీద కరిగే మంచు ప్రపంచ తీరాలన్నిటినీ తాకుతుందని తెలిసిన ప్రాంతమే కొన్నేళ్లు ఒప్పందం బయట ఉండిపోయింది. తర్వాత 2021లో కొత్త చమురు అన్వేషణకు అనుమతులు ఆపేసింది, 2023లో ప్యారిస్ ఒప్పందంలోకి రావడానికి అక్కడి పార్లమెంటు ఒప్పుకుంది. ఈ నిర్ణయం డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ ఒత్తిడితో కాకుండా గ్రీన్‌లాండ్ రాజధాని నూక్‌లో చర్చించి తీసుకున్నది కావడమే నాకు ముఖ్యంగా తోస్తుంది. జనం తామే ఒప్పుకున్న లక్ష్యాన్ని అమలు చేయించడం, పైనుంచి వచ్చిన లక్ష్యాన్ని అమలు చేయించడం కన్నా తేలిక.

న్యూజిలాండ్ కిందే ఉన్న టోకెలావ్‌ది మరో దారి. మూడు పగడపు దిబ్బలు, సుమారు పదిహేను వందల మంది, విమానాశ్రయం లేదు, సమోవా నుంచి పడవలోనే వెళ్లాలి. స్వయంపాలనపై 2006, 2007లలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణల్లో మెజారిటీ అనుకూలంగా ఓటేసినా, అవసరమైన మూడింట రెండు వంతుల మద్దతు కొద్దిలో తప్పిపోయింది. అయినా 2012లో డీజిల్‌ను వదిలి దాదాపు మొత్తం విద్యుత్తును సౌరశక్తితో తయారు చేసుకోవడం మొదలుపెట్టింది. న్యూజిలాండ్ ప్యారిస్ ఒప్పందాన్ని టోకెలావ్‌కు వర్తింపజేసింది 2017లో. చేతలు ముందు నడిచాయి, కాగితం వెనక వచ్చింది.

దీనికి అభ్యంతరాలు ఉంటాయని తెలుసు. ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికా వంటి దేశాలు తమ ద్వీపాలన్నిటికీ కుర్చీలు ఇప్పించుకుంటే చర్చల్లో ధనిక దేశాల బలం ఇంకా పెరగదా అని అడుగుతారు. సబబైన ప్రశ్నే. అయితే వాతావరణ సదస్సుల్లో ఓటింగు నిబంధనను మొదటి సదస్సు నుంచి నేటి వరకు ఆమోదించనేలేదు, నిర్ణయాలన్నీ ఏకాభిప్రాయంతోనే జరుగుతున్నాయి. కాబట్టి ఇక్కడ ఓటు కన్నా మాటకే విలువ ఎక్కువ. ఓటు లేకపోయినా ప్రతినిధి బృందం పంపే హక్కు, సొంత లక్ష్యాలు సమర్పించే హక్కు, వాతావరణ మార్పు వల్ల నష్టపోయిన దేశాలకు సాయం చేసే అంతర్జాతీయ నిధికి దరఖాస్తు చేసుకునే హక్కు స్వయంపాలిత ద్వీపాలకు ఇవ్వవచ్చు. పాలక దేశం అడ్డు చెప్పబోనని ముందే రాతపూర్వకంగా చెప్పాలి, న్యూజిలాండ్ 1988లో చెప్పినట్టే. నిధుల సంగతికొస్తే, పాలక దేశం తన బాధ్యతను ప్రపంచం నెత్తిన వేసి తప్పుకోకుండా, ఆ దేశం ఇచ్చే వాటాను తగ్గించకూడదన్న షరతు పెట్టవచ్చు.

ప్రాంతీయ వేదికలు ఈ పని ముందే మొదలుపెట్టాయి. పసిఫిక్ దీవుల ఫోరం 2016లో ఫ్రెంచ్ పాలినీషియా, న్యూ కాలెడోనియాలను పూర్తి సభ్యులుగా చేర్చుకుంది. 2024లో గువామ్, అమెరికన్ సమోవాలకు అనుబంధ సభ్యత్వం ఇచ్చింది. ఫోరం ఏమీ కూలిపోలేదు. మన దేశం కూడా 2014లో మొదలైన భారత్–పసిఫిక్ దీవుల సహకార వేదికలో పద్నాలుగు ద్వీప దేశాలతో కూర్చుంటోంది, వాటిలో కుక్ దీవులు, నియూ కూడా ఉన్నాయి. సమితి సభ్యత్వం లేదన్న కారణంతో వాటిని వేరుగా చూడలేదు. ఇంత అనుభవం ఉన్న భారత ప్రతినిధి బృందం, రాబోయే సదస్సుల్లో స్వయంపాలిత ద్వీపాల హోదాను చర్చనీయాంశంగా చేర్చమని చిన్న ద్వీప దేశాల కూటమితో కలిసి అడగాలి. మీ పత్రిక కూడా సదస్సు వార్తలు రాసేటప్పుడు ఎవరు మాట్లాడారన్న దానితో పాటు, ఎవరి తరఫున ఎవరు మాట్లాడారో కూడా పాఠకులకు చెప్పాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు