ముక్క పరీక్షలో ఏమీ లేదంటే కడుపులో ఏమీ లేనట్టు కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ హెల్త్ పేజీలో కడుపు జబ్బుల మీద వచ్చిన వ్యాసం చదివాను. మంచి విషయాలే రాశారు, ఎండోస్కోపీ అంటే భయపడొద్దని చెప్పడం బాగుంది, కానీ చివర్లో బయాప్సీలో, అంటే ముక్క పరీక్షలో, క్యాన్సర్ లేదని వస్తే ఇక నిశ్చింతగా ఉండొచ్చు అని ఒక్క మాట రాసేశారు చూడండి, అది చదివిన దగ్గర్నుంచీ మనసు ఊరుకోవట్లేదు, అందుకే ఈ ఉత్తరం. నేను డాక్టర్ని కాదు. పాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్ని, 19 ఏళ్లుగా ఈ ముక్కల్ని మైనంలో పెట్టి, పల్చగా కోసి, స్లైడ్ మీదకి ఎక్కించి రంగు వేసే పని నాది. స్లైడ్ చూసి జబ్బు ఏంటో చెప్పేది మా పాథాలజిస్ట్ మేడమ్, నేను కాదు. కానీ ఏ ముక్క ఎలా వస్తుందో, దాంతోపాటు వచ్చే కాగితంలో ఏం ఉంటుందో ఏం ఉండదో నాకంటే దగ్గరగా చూసేవాళ్లు తక్కువ.

ముక్క అంటే ఎంత అనుకుంటున్నారు? ఆవగింజంత. రెండు మూడు మిల్లీమీటర్లు. ఎండోస్కోపీ గొట్టంలోంచి చిన్న పట్టుకారు లాంటిది పంపి కడుపు లోపలి గోడ మీద గిల్లి తీస్తారు. ఆ గిల్లింది పై పొర మాత్రమే. కడుపు గోడలో దాని కింద ఇంకో పొర, దాని కింద కండరం, ఆ బయట ఇంకో పల్చటి తొడుగు ఉంటాయి. మామూలుగా మనం కడుపు క్యాన్సర్ అనేది పై పొరలోనే మొదలవుతుంది కాబట్టి గిల్లితే దొరుకుతుంది. కానీ జిస్ట్ అని ఒక అరుదైన గడ్డ ఉంది, అది కండరం పొరలో పుడుతుంది, పేగుల్ని లయగా కదిలించే కహాల్ కణాలని ఉంటాయి, వాటి జాతి గడ్డ అది. కడుపులో అది పెరుగుతుంటే పై పొర దాని మీద దుప్పటి కప్పినట్టు నున్నగా ఉంటుంది. దుప్పటిని గిల్లి తెచ్చి మాకిస్తే మేం చూసేది దుప్పటినే కదండీ.

కొన్నేళ్ల కిందట ఒకావిడవి ఆరు ముక్కలు వచ్చాయి. రిక్వెస్ట్ ఫామ్‌లో పేరు, వయసు, "కడుపునొప్పి, రక్తం తక్కువ" అని రాసుంది. ఎండోస్కోపీలో ఏం కనపడిందో రాసే చోట ఖాళీ. నేనే కోశాను. మైక్రోటోమ్ అనే కోత మిషన్ మీద మూడు నాలుగు మైక్రాన్ల మందంలో కోస్తే రిబ్బన్‌లాగా వస్తుంది, గోరువెచ్చటి నీళ్ల మీద వదిలితే ముడతలు పోయి పరుచుకుంటుంది, అప్పుడు స్లైడ్‌తో కింద నుంచి అందుకోవాలి, ఆ రోజు రిబ్బన్ చాలా చక్కగా వచ్చింది, నాకు గుర్తుంది. మేడమ్ చూసి కొద్దిపాటి క్రానిక్ గ్యాస్ట్రైటిస్ (కడుపు పై పొరలో చాలాకాలంగా ఉన్న వాపు), క్యాన్సర్ కణాలు కనపడలేదు అని రిపోర్ట్ ఇచ్చారు. అందులో ప్రతి అక్షరం నిజం. ఏడు నెలల తర్వాత అదే పేరుతో ఆపరేషన్ చేసి తీసిన గడ్డ వచ్చింది, పిడికిలి కంటే పెద్దది. పేరు చూసి అనుమానం వచ్చి పాత రిజిస్టర్ తిరగేశాను, ఆవిడే. రక్తం కక్కుకుని ఎమర్జెన్సీలో చేరితే సీటీ తీశారట, గోడలోంచి బయటికి పెరిగిన గడ్డ కనపడిందట. ఇక్కడ స్లైడ్‌లో కదురులాగా సాగిన కణాలు, జిస్ట్‌ని పట్టించే స్టెయిన్‌లు, అంటే ప్రత్యేకమైన రంగులు, వేస్తే సిడి117 పాజిటివ్, డాగ్1 పాజిటివ్. జిస్ట్.

తర్వాత వాళ్లబ్బాయి జీన్ టెస్ట్ కోసం బ్లాక్, అంటే ముక్క ఉన్న మైనం దిమ్మ, తీసుకెళ్లడానికి వచ్చాడు. చేతిలో లావుపాటి ఫైలు. అందులోంచి మొదటి ఎండోస్కోపీ కాగితం తీసి చూపించాడు, లోపల నుంచి ఉబ్బు ఉంది, పై పొర మామూలుగా ఉంది, అని మొదటి లైన్లోనే స్పష్టంగా టైపు చేసుంది. "అప్పుడు ఏమీ లేదన్నారు కదక్కా" అన్నాడు. ఏం చెప్పాలండీ? ఆ ఒక్క లైను మా ఫామ్‌లో ఉండుంటే మేడమ్ రిపోర్ట్ కింద, ఈ ముక్కల్లో పై పొర మాత్రమే ఉంది, ఉబ్బులోని కణాలు రాలేదు, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (గొట్టంతో కడుపు లోపల నుంచి తీసే స్కాన్) చేసి లోతు నుంచి తియ్యండి అని రాసేవారు, ఇలాంటివి ఆవిడ ఎన్నోసార్లు రాయడం నేను చూశాను. ఆ అల్ట్రాసౌండ్‌లో కడుపు గోడ ఐదు చారలుగా కనపడుతుంది, నాలుగో చార కండరం, గడ్డ అందులోంచి వచ్చిందా లేదా అని అక్కడే పట్టుకోవచ్చు, అదే గొట్టంతో సూది పంపి సరైన చోటు నుంచి కణాలు తియ్యొచ్చు. ఒకరి తప్పని నేను అనట్లేదు. చూసినవాళ్లు చూశారు, కోసినవాళ్లం కోశాం, చదివినవాళ్లు చదివారు, మధ్యలో సమాచారం మాత్రం ఫైల్లోనే ఉండిపోయింది.

స్కాన్ తీసేవాళ్లకీ ఇదే బాధ. ఖాళీగా ముడుచుకున్న కడుపుకి సీటీ తీస్తే గోడ మందంగా కనపడుతుంది, జబ్బు లేకపోయినా ఉన్నట్టు ఉంటుంది, ఉన్నా ఆ మడతల్లో దాక్కుంటుంది. అందుకే కడుపు కోసమే తీసే సీటీకి ముందు నీళ్లు బాగా తాగించి కడుపుని సాగదీస్తారు. మరి ఫామ్ మీద ఒట్టి "పొత్తికడుపు సీటీ" అని రాసి పంపితే వాళ్లకెలా తెలుస్తుంది? మాకు తెలిసిన రేడియాలజిస్ట్ గారు ఒకరు పాత ఎండోస్కోపీ రిపోర్ట్ చూడకుండా కడుపు సీటీ చదవనని పట్టుబడతారు, అందరూ ఆయన్ని చాదస్తం అంటారు, నాకైతే ఆయనంటే చాలా గౌరవం.

పైన చెప్పిన జిస్ట్‌కి అచ్చం తిరగబడ్డ కేసు ఒకటుంది, అది ఇంకా మోసకారిది. లినైటిస్ ప్లాస్టికా అంటారు. ఇందులో గడ్డ ఉండదు, పుండు కూడా చాలాసార్లు ఉండదు, క్యాన్సర్ కణాలు గోడ లోపల్లోపలే పాకి కడుపు మొత్తాన్ని తోలు సంచిలాగా బిగుసుకుపోయేలా చేస్తాయి. ఎండోస్కోపీలో గాలి కొడితే కడుపు విచ్చుకోదు, బేరియం తాగించి ఎక్స్‌రే తీసినా సాగదు. కానీ పైపైన గిల్లిన ముక్కల్లో కణాలు దొరక్కపోవచ్చు, దొరికినా విడివిడిగా ఉంగరంలాంటి కణాలు రెండు మూడు, మంట కణాల గుంపులో కలిసిపోయి ఉంటాయి. ఫామ్ మీద "కడుపు విచ్చుకోవట్లేదు" అని రెండే రెండు మాటలు రాస్తే చాలు, మేడమ్ నాతో బ్లాక్ ఇంకా లోతుకి కోయిస్తారు, దాక్కున్న క్యాన్సర్ కణాల్ని చూపించే సైటోకెరాటిన్ స్టెయిన్ వేయిస్తారు, వెతికే కన్నే మారిపోతుంది. అక్కడ చూసినదానికీ ఇక్కడ స్లైడుకీ పొంతన కుదరకపోతే ముక్క మళ్లీ తియ్యాల్సిందే, మొదటి రిపోర్ట్ పట్టుకుని కూర్చోకూడదు.

అరుదైన గడ్డలకి పేరు సరిగ్గా పెట్టడం ఎందుకంత ముఖ్యమో కూడా మీ పాఠకులకి చెప్పాలనిపిస్తోంది. ఒకప్పుడు జిస్ట్‌ని కండరం గడ్డే అనుకునేవాళ్లు, మామూలు కీమోకి అది లొంగేది కాదు. 1998లో జపాన్‌లో హిరోటా గారి బృందం ఈ గడ్డల్లో కిట్ అనే జీన్ మారిపోయి ఉంటుందని కనిపెట్టింది. 2000లో ఫిన్లాండ్‌లో ఒక పేషెంట్‌కి ఇమాటినిబ్ మాత్ర ఇచ్చి చూస్తే గడ్డలు తగ్గాయి, 2002లో అమెరికాలో ఈ జబ్బుకి ఆ మందు ఆమోదం పొందింది. గడ్డ అదే, స్లైడ్ అదే, పేరు మారింది, బతుకు మారింది. అయితే కడుపులో కదురు కణాలు కనపడ్డవన్నీ జిస్ట్ కాదు. నరం పొర నుంచి వచ్చే ష్వానోమా కూడా దాదాపు అలాగే ఉంటుంది, దానికి ఎస్100 పాజిటివ్ వస్తుంది, సిడి117 రాదు, అది దాదాపు ఎప్పుడూ ప్రమాదం లేనిదే, తీసేస్తే అయిపోతుంది. కండరం గడ్డ లియోమయోమాకి డెస్మిన్ పాజిటివ్ వస్తుంది. స్టెయిన్ వేయకుండా మామూలు గులాబీ, నీలం రంగులో చూసి పేరు పెట్టేస్తే ఒకరికి అక్కర్లేని మాత్రలు, ఇంకొకరికి అవసరమైన మాత్రలు దక్కకపోవడం, రెండూ జరుగుతాయి. జిస్ట్ అని తేలాక కూడా జీన్ టెస్ట్ కావాలి, ఎందుకంటే పిడిజిఎఫ్ఆర్ఏ అనే జీన్‌లో డి842వి అనే మార్పు ఉంటే ఇమాటినిబ్ పనిచెయ్యదు, దానికి వేరే మందు. ఇదంతా ఒక చిన్న మైనం దిమ్మలోంచే తెలియాలి.

ఆ మైనం దిమ్మ బాగుండాలంటే ముక్క ఫార్మలిన్‌లో, అంటే కణాలు పాడవకుండా నిలిపే మందు నీళ్లలో, రావాలి, ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు. సెలైన్‌లో వేసి పంపేవాళ్లు ఇంకా ఉన్నారు! ముక్క మా దగ్గరికి వచ్చేసరికి కణాలు ఉబ్బి, చితికి, అంచులు కరిగిపోయి ఉంటాయి, ఎంత బాగా కోసినా ఏం లాభం. ముక్కకి కనీసం పదింతలు ఫార్మలిన్ ఉండాలి, తీసిన వెంటనే వెయ్యాలి. అలాగని వారం పది రోజులు అందులోనే వదిలేసినా తప్పే, 6 గంటలకి తక్కువ కాకుండా 72 గంటలు దాటకుండా ఉంటే స్టెయిన్‌లు నమ్మకంగా వస్తాయి. ఒక మనిషి పొద్దున్నుంచీ ఖాళీ కడుపుతో కూర్చుని, గొట్టం మింగి, కళ్లనీళ్లు పెట్టుకుని ఇచ్చిన ముక్క అది.

గ్యాస్ట్రైటిస్ విషయంలో రెండే మాటలు. గ్యాస్ట్రైటిస్ తెచ్చే హెచ్.పైలోరీ అనే బాక్టీరియా సంగతి బయటపడిందే ఒక పాథాలజిస్ట్ ఇలాంటి బయాప్సీ స్లైడ్‌లు ఓపిగ్గా చూడటం వల్ల, 1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ గారు వంకర బాక్టీరియాని గమనించారు, తర్వాత బ్యారీ మార్షల్ గారితో కలిసి పనిచేశారు, 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కానీ గ్యాస్ మాత్రలు వాడుతున్న మనిషికి ఆ బాక్టీరియా తగ్గిపోయి, చోటు మారి, స్లైడ్‌లో దొరక్కపోవచ్చు, కాబట్టి మాత్రలు వాడుతున్నారా లేదా అన్నది కూడా ఫామ్‌లో ఉండాలి. ఇంకా ఒక్కచోట ఒక్క ముక్క చాలదు, సిడ్నీ పద్ధతిలో ఐదు చోట్ల తీస్తారు, ఏ ముక్క ఏ చోటిదో రాస్తే పై పొర ఎక్కడిదాకా అరిగిందో చెప్పగలుగుతారు. అన్నీ ఒకే సీసాలో పడేస్తే ఆ సంగతి పోయినట్టే.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని నేను అడిగేది పెద్దదేం కాదు. ఆ వ్యాసంలోని ఆ ఒక్క వాక్యాన్ని దయచేసి సరిచేసి వేయండి. బయాప్సీ నెగెటివ్ వచ్చినా రక్తం తగ్గుతూనే ఉంటే, మలం నల్లగా వెళ్తుంటే, బరువు పడిపోతుంటే, స్కాన్‌లో గానీ ఎండోస్కోపీలో గానీ ఉబ్బు అని రాసుంటే, డాక్టర్ గారిని "ఆ ఉబ్బులోంచే ముక్క వచ్చిందా?" అని అడగమని రాయండి. కడుపులో పుండుంటే మందులు వాడాక మళ్లీ ఎండోస్కోపీ చేసి మానిందో లేదో చూడాలని కూడా రాయండి. ఎండోస్కోపీ కాగితం, స్కాన్ రిపోర్ట్ జిరాక్స్ తీసి ముక్కతోపాటే ల్యాబ్‌కి ఇవ్వమనండి, ఇవ్వొద్దని ఎవరూ అనరు. రిపోర్ట్ వచ్చాక బ్లాక్, స్లైడ్‌లు ల్యాబ్‌లోనే ఉంటాయి, ఇంకో పాథాలజిస్ట్‌కి చూపించాలంటే అడిగి తీసుకోవచ్చు, ఈ సంగతి తెలియక ఎంతోమంది మళ్లీ మొదటి నుంచి గొట్టం మింగుతున్నారు.

డాక్టర్లకి చెప్పేంత దాన్ని కాదు గానీ, ఒక్క మనవి. ఆ ఫామ్ నింపడానికి అర నిమిషం పడుతుంది.

ఆవిడ మొదటి ఆరు ముక్కల బ్లాక్ ఇంకా మా బీరువాలోనే ఉంది. మొన్న మీ వ్యాసం చదివాక తీసి చూశాను, నంబరు నా చేతిరాతే.

ఇట్లు,
ఒక హిస్టోపాథాలజీ టెక్నీషియన్