మచ్చలు పడ్డ లోహం శాంపిల్ గురించి

చిట్టీ,

రాత్రి ఫోన్‌లో "నాన్నా, శాంపిలంతా టీ ఒలికినట్టు మచ్చలే" అన్నావు. నువ్వు పంపిన ఫొటో చూశాను. మచ్చల్లో ఒకే వైపుకు సన్నటి చారలున్నాయి చూడు, అవి దూది చారలు. మామూలు ఎచింగ్ (మైక్రోస్కోపులో లోహం లోపలి నిర్మాణం కనపడేలా రసాయనం పెట్టడం) అలవాటులో, రంగు తెప్పించే బెరాహా ద్రావణం తర్వాత కూడా దూదితో తుడిచేసుంటావు. రంగు ఎచింగ్‌లో లోహం మీద ఏర్పడే పొర మైక్రాన్‌లో సగం కూడా ఉండదు. దాని మందాన్ని బట్టే రంగు. వాన నీళ్ల మీద తేలే ఆయిల్‌లో రంగులు కనిపించినట్టన్నమాట. ఉలికి పదును పెట్టే కమ్మరి పసుపు, ఊదా, నీలం వరసగా రావడం చూసి నీళ్లలో ముంచడం కూడా ఇదే లెక్క. కాబట్టి ముంచు, రంగు మారడం చూస్తూ ఉండు, తీసి నీళ్లు, తర్వాత ఆల్కహాల్ పోసి వేడి గాలికి ఆరబెట్టు. వేలు కూడా తగలనివ్వకు.

ఇంత గొడవ ఎందుకంటావేమో. మా ఫౌండ్రీలో ఒకసారి సిమెంటు మిల్లుకి పోసిన హై క్రోమ్ (క్రోమియం ఎక్కువున్న ఇనుము) బంతులు పెచ్చులూడి తిరిగొచ్చాయి. విలెల్లా అనే మామూలు ఎచింగ్ ద్రావణంతో ఎచ్ చేసి చూస్తే మార్టెన్‌సైట్ (లోహంలో గట్టిపడ్డ భాగం) నల్లగా, మిగతాదంతా తెల్లగా కనిపించింది. తెల్లగా ఉన్నదంతా కార్బైడే (లోహంతో కార్బన్ కలిసి ఏర్పడే గట్టి రేణువులే) అనుకుని, కార్బన్ ఎక్కువైందని రిపోర్టు రాసింది నేనే. రెండు వారాలు కరిగించేవాళ్లతో పోట్లాట. తర్వాత కార్బైడ్లకి రంగు తెప్పించే మురకామి ద్రావణం పెట్టాను. కార్బైడ్లు మాత్రం గోధుమ రంగు తిరిగాయి. తెలుపులో చాలా భాగం తెల్లగానే మిగిలింది. అది మారకుండా ఉండిపోయిన ఆస్టెనైట్, అంటే బాగా వేడి మీద ఉండే మెత్తటి రూపం! మిల్లులో దెబ్బలు తిని అది మార్టెన్‌సైట్‌గా మారుతుంది, మారేటప్పుడు ఉబ్బుతుంది, పెచ్చు లేస్తుంది. తప్పు కరిగించినవాళ్లది కాదు. పోసిన బంతుల్ని గట్టిపరచడానికి మళ్లీ వేడి చేసేటప్పుడు సుమారు 1000 డిగ్రీల దగ్గర ఉంచాల్సినంత సేపు ఉంచలేదు, కొలిమి తొందరగా ఖాళీ చేశారు. ఆ రిపోర్టు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మురకామి అప్పటికప్పుడు కలుపుకో: 100 మిల్లీలీటర్ల నీళ్లలో ముందు 10 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్, అది కరిగాక 10 గ్రాముల పొటాషియం ఫెర్రిసయనైడ్. బెరాహాలో యాసిడ్ ఉంటుంది కదా, ఆ బీకరు ఈ బీకరు కలవకూడదు. ఫెర్రిసయనైడ్‌లో యాసిడ్ పడితే సయనైడ్ గ్యాస్ రావచ్చు. ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకు. గ్యాస్‌ని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ కిందే చెయ్యి, నిద్రమత్తులో చెయ్యకు.

పాలిష్ 1 మైక్రాన్ డైమండ్ పొడి దాకా వెళ్లాలి. నీ ఫొటోలో 6 మైక్రాన్ల దగ్గరే ఆపేసినట్టుంది. రంగు వచ్చాక ప్రతి గీతా కనిపిస్తుంది, దాచలేం.

ఆ పెచ్చులూడిన బంతి ఒకటి ఇంట్లోనే ఉంది. అమ్మ వంటింటి తలుపుకి అడ్డం పెడుతోంది. సంక్రాంతికి వచ్చినప్పుడు అడిగి తీసుకెళ్లు, కోసి చూడొచ్చు. నేనడిగితే ఇవ్వదు.

నాన్న