మలయమారుతానికి ఒక దిక్కుంది

సంపాదకుల వారికి,

చలికాలం వచ్చిందంటే పత్రికల్లో వణికించే గాలికి కూడా 'మలయమారుతం' అని శీర్షిక పెట్టేస్తున్నారు. మాట బాగుంది గానీ దిక్కూ తప్పింది, రుతువూ తప్పింది. మలయమారుతం దక్షిణం నుంచి, అదీ వసంతంలో వీచే గాలి. డిసెంబరులో మన నల్లగొండ, పాలమూరు మీదికి వచ్చేది ఉత్తర, ఈశాన్యపు గాలి.

మలయం సప్త కులపర్వతాల్లో, అంటే పురాణాలు చెప్పే ఏడు ముఖ్య పర్వతాల్లో ఒకటి. పడమటి కనుమల దక్షిణ కొస. అక్కడి గంధపు చెట్లను తాకి వస్తుందని కవుల మాట. చందనానికి మలయజమని పేరు. చల్లదనం, పరిమళం, మెల్లదనం మూడూ ఉంటేనే వాళ్లు దాన్ని మలయమారుతం అన్నారు. ఈ 'మలయ' సంస్కృతంలోకి మన ద్రావిడ భాషల నుంచే వెళ్లిందని భాషావేత్తల నిర్ణయం. మల అంటే కొండ. సాక్ష్యానికి నిఘంటువు తెరవనక్కర్లేదు, అచ్చంపేట దాటి మన్ననూరు ఘాటెక్కితే చాలు, నల్లమలే. నల్లగొండ అన్నా నల్లమల అన్నా అర్థం ఒకటే. ఒకచోట కొండ, ఇంకోచోట మల. నల్లగొండ పాత పేరు నీలగిరిలో అదే గిరి అయింది. కాబట్టి 'మళయ' అని ళ పెట్టడం, 'మలయా' అని దీర్ఘం తీయడం రెండూ తప్పే.

మందమారుతంతో ఇంకో తంటా. పిల్లలు 'మందమైన గాలి' అని అర్థం రాస్తారు. ఈ మంద సంస్కృతం, మెల్లని అని. అట్ట మందానికీ గొర్ల మందకూ దీనితో చుట్టరికం లేదు. సమీరంలో అసలు మెల్లదనమే లేదు, అది ఉత్త గాలి. అందుకే 'మందసమీరం' అనాల్సి వస్తుంది. ప్రభంజనం కూడా సంస్కృత నిఘంటువు అమరకోశంలో వాయువు పేరే, కానీ విరగ్గొట్టేదని అర్థం. ఎన్నికల వార్తల్లో దాన్ని మాత్రం సరిగ్గానే వాడుతున్నారు!

దిక్కుతో పని లేకుండా వాడాలంటే నేటి తెలుగులో తెమ్మెర ఉంది. గాలి వేగాన్ని కొలిచే బోఫర్ట్ స్కేలులో దీన్ని 2వ అంకె దగ్గర పెట్టొచ్చు: గంటకు 6 నుంచి 11 కిలోమీటర్లు, ముఖానికి తగులుతుంది, రావి ఆకులు గలగలమంటాయి. 12 దాటితే సన్న కొమ్మలు ఆగకుండా ఊగుతాయి, పలుచని జెండా విచ్చుకుంటుంది. అంతదాకా తెమ్మెర అన్నా ఒప్పుకోవచ్చు. 20 దాటి దుమ్మూ చిత్తుకాగితాలూ లేస్తుంటే అది తెమ్మెర కాదు. చలి వార్తకు చలిగాలి చాలు, మే నెలకు వడగాడ్పు ఉండనే ఉంది.

– ఒక తెలుగు ఉపాధ్యాయుడు, దేవరకొండ