ఫిల్మ్ ఆర్కైవ్ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డైరెక్టర్ గారికి నమస్కారం.

మూడు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ అడుగుతున్నాను.

నేను ఒక డాక్యుమెంటరీ దర్శకురాలి దగ్గర ఎడిటింగ్ అసిస్టెంట్‌గా పనిచేశాను. ఆవిడ అవార్డు అందుకుంటున్న ఫోటో మీ వరండాలో ఫ్రేము కట్టి ఉంది, ఆవిడ నెగెటివ్‌లు మాత్రం ఏసీ లేని గదిలో పడున్నాయి. పోయినసారి వచ్చినప్పుడు ఒక డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన గుప్పుమంది, ఫిల్మ్ అంచులు అలల్లా వంకర్లు తిరిగాయి. ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్ కుళ్లడం మొదలైందనడానికి అదే గుర్తు. అందులోంచి వచ్చే ఆమ్లమే కుళ్లును ఇంకా వేగంగా పెంచుతుంది, పక్క డబ్బాలకూ ముప్పే. ఒకసారి చెడింది వెనక్కి రాదు, చల్లగా పొడిగా ఉంచితే నెమ్మదిస్తుందంతే. ఇవన్నీ మీకు తెలియనివి కావు.

400 అడుగుల 16 ఎం.ఎం. రీలు సుమారు 11 నిమిషాలు నడుస్తుంది. ఆ 11 నిమిషాల కోసం ఆవిడ వారం రోజులు, కెమెరా సంచిలోంచి తీయకుండా, ఆ ఇంటివాళ్లు మాట్లాడేదాకా గుమ్మంలో కూర్చోవడం నేను చూశాను.

ఇప్పుడు ఆవిడ మంచం దిగలేరు. ఫోన్ చేసిన ప్రతిసారీ "డబ్బాలు బాగున్నాయా?" అంటారు, నేను బాగున్నాయని అబద్ధం చెప్తున్నాను.

అడిగేది ఇంతే: వాసన వస్తున్న డబ్బాలను వేరు చేయించండి, మిగతావి చల్లటి గదికి మార్పించండి, డిజిటల్ కాపీలు తీసుకోవడానికి స్కానింగ్‌కు అనుమతివ్వండి. ఖర్చు మేమే పెట్టుకుంటాం. 30 రోజుల్లోగా అవునో కాదో రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు,
ఆవిడ పాత అసిస్టెంట్