కాన్పుకు ముందే కండరాలకు శిక్షణ

సంపాదకులకు నమస్కారం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం ప్రసవాలు సిజేరియన్లే. దానికి కారణాలు అనేకం; వ్యాయామంతోనే ఆ లెక్క మారిపోతుందని నేననను. అయితే ఏడో నెలలో పుట్టింటికి తెచ్చుకున్న మా అమ్మాయిని, నడుం నొప్పి తాళలేకపోతోందని బ్రాడీపేటలో ఒక ఫిజియోథెరపిస్టుకు చూపించేదాకా, కటి కండరాలను, అంటే పొత్తికడుపు అడుగున గర్భసంచిని మోసే కండరాలను, బిగించడమే కాక కాన్పు వేళ వాటిని సడలించడమూ సాధన చేయాల్సిన విద్యేనని మాకు తెలియలేదు. మోకాళ్ల మధ్య దిండు పెట్టుకొని పక్కకు తిరిగి పడుకోవడం, లేచేటప్పుడు మోచేతి మీద ఆనుకొని ముందుగా కాళ్లు దించడం, నిదానంగా ఊపిరి వదులుతూ కింది కండరాలను వదులు చేయడం ఆమె దగ్గరుండి నేర్పారు. ‘ఒట్టి మనిషి కాదు, కదలనీయకండి’ అన్న చుట్టాలే తర్వాత మా అమ్మాయి నడక చూసి ఊరుకున్నారు.

రక్తస్రావం, మాయ కిందికి ఉండటం వంటి ఇబ్బందులున్నవారు వైద్యుల అనుమతి లేకుండా ఇవి చేయకూడదు. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు జరిపే ఉచిత పరీక్షల రోజునే, వరుసలో కూర్చున్నవారికి ఒక ఫిజియోథెరపిస్టు చేత అరగంట ఈ శిక్షణ ఇప్పించాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను.

– ఒక గృహిణి, గుంటూరు