తీర్పును తీర్పుగానే చదివించాలి

సంపాదకులకు నమస్కారములు.

2024 జూలై 1న భారత శిక్షా స్మృతి (ఐపీసీ) స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చినప్పటి నుంచి, పాత సెక్షన్ పక్కన కొత్త సెక్షన్ వేసిన పట్టికలను కంఠస్థం చేయడమే క్రిమినల్ లా చదువుగా మారిపోతున్నది. హత్యను నిర్వచించే 300వ సెక్షన్ ఇప్పుడు 101 అయిందని నా దగ్గర చదువుకునే విద్యార్థులు తడుముకోకుండా చెబుతారు. ఒకరిని చంపాలని పెట్టిన విషం మరొకరి ప్రాణం తీస్తే ఆ చావుకు బాధ్యులెవరని అడిగితే మాత్రం, గైడులోని రెండు పంక్తులు దాటి ముందుకు సాగలేరు.

ఆ ప్రశ్నను 1912లో మద్రాసు హైకోర్టు తేల్చింది. ముష్నూరి సూర్యనారాయణమూర్తి అనే వ్యక్తి మరొకరి పేరున, ఆయనకు తెలియకుండానే పెద్ద మొత్తాలకు జీవిత బీమా చేయించి, ఆ సొమ్ము కోసం ఆర్సెనిక్, పాదరసం కలిపిన హల్వాను తన బావమరిది ఇంట్లో ఆయనకు పెట్టాడు. ఆయన కొంత తిని మిగిలినది పారేశాడు. అది ఆ ఇంటి పిల్ల, ఎనిమిది తొమ్మిదేళ్ల బాలిక నోట పడింది. చంపాలనుకున్న మనిషి బతికాడు, పిల్ల చనిపోయింది. సెషన్స్ కోర్టు హత్యాయత్నానికి మాత్రమే శిక్ష వేయగా, ప్రభుత్వం అప్పీలు చేసింది.

ఇక్కడే విద్యార్థి ఆగి ఆలోచించాలి. ఇద్దరు న్యాయమూర్తులు ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. పిల్ల మరణానికి నిందితుడి చర్యే కారణమని చెప్పలేమని జస్టిస్ సుందర అయ్యర్ భావించగా, జస్టిస్ బెన్సన్ హత్యేనన్నారు. మూడో న్యాయమూర్తి జస్టిస్ అబ్దుర్ రహీం బెన్సన్‌తో ఏకీభవించడంతో నిందితుడికి ద్వీపాంతరవాస శిక్ష పడింది. ఎవరిని ఉద్దేశించినా, ఎవరు మరణించినా నేరం నేరమేనన్న నాటి 301వ సెక్షన్ నేడు సంహితలో 102గా ఉన్నది. సుందర అయ్యర్ భిన్నాభిప్రాయాన్ని చదవని విద్యార్థికి, చర్యకూ మరణానికీ నడుమ ఉండవలసిన కార్యకారణ సంబంధం ఎంత జాగ్రత్తగా తేల్చవలసిన విషయమో ఏ పట్టికా చెప్పదు.

అప్పటి గుంటూరు జిల్లా, ఇప్పటి పల్నాడు జిల్లాలోని రొంపిచర్ల కేసు మనకు మరీ దగ్గరిది. బరువైన కర్రలతో ఒక మనిషి కాళ్లూ చేతులూ విరగగొట్టగా ఆయన మరుసటి రోజు మరణించాడు. దెబ్బలు ఆయువుపట్ల మీద పడలేదన్న కారణంతో హైకోర్టు నేరాన్ని, హత్య స్థాయికి చేరని నేరపూరిత నరహత్యకు తక్కువ శిక్ష చెప్పే పాత 304వ సెక్షన్ రెండో భాగానికి తగ్గించింది. 1976లో రాయవరపు పున్నయ్య కేసుగా పేరుపడిన తీర్పులో సుప్రీంకోర్టు దాన్ని తిరిగి హత్యగా నిలబెట్టింది. చంపాలన్న కోరిక రుజువు కానవసరం లేదు, బుద్ధిపూర్వకంగా చేసిన గాయాలు సహజ గతిలో మరణానికి దారితీసేంతటివైతే చాలునని జస్టిస్ సర్కారియా అందులో వివరించారు. నేరపూరిత నరహత్యకూ హత్యకూ తేడా నేర్చుకోవడానికి ఆ ఒక్క తీర్పును నింపాదిగా చదివితే, పది గైడులు తిరగేయనక్కరలేదని నా అనుభవం. ఆ తర్వాత 1919 నాటి పళని గౌండన్ కేసు చేతికివ్వాలి. నాగలికర్రుతో కొట్టిన దెబ్బకు భార్య స్పృహ తప్పితే, చనిపోయిందనుకుని ఆమెను ఉరికి వేలాడదీసిన భర్త చర్య హత్య కాదని మద్రాసు ఫుల్ బెంచ్ ఎందుకన్నదో, ఉద్దేశమూ చర్యా ఒకే క్షణంలో కలవాలన్న సూత్రం అంత దూరం పోవచ్చునో లేదో, వాళ్లే వాదించుకోవాలి.

కళాశాలలు ఇంటర్నల్ పరీక్షల్లోనైనా కేసు పేరు, సెక్షన్ నంబరు ఇవ్వకుండా సంగతులు మాత్రమే ఇచ్చి, ఇరుపక్షాల వాదనలూ రాయించాలని నా విన్నపం. మీ విద్యా పేజీలో వారానికొక తీర్పును, భిన్నాభిప్రాయంతో సహా, సరళమైన తెలుగులో ప్రచురించగలిగితే జిల్లా కేంద్రాల్లో తెలుగు మాధ్యమం నుంచి వచ్చి ఇంగ్లీషు తీర్పుల ముందు బెదిరిపోతున్న పిల్లలకు ఎంతో మేలు చేసినవారవుతారు. రొంపిచర్ల కేసుతోనే మొదలుపెట్టవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక న్యాయశాస్త్ర అధ్యాపకుడు, గుంటూరు